గోల్కొండ మీదికి మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఏ దారిన ఎక్కాలి?

మీ ప్రశ్న ఇదీ: డిసెంబరు సెలవుల్లో హైదరాబాదు వస్తున్నారు. అమ్మగారికి 67 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ కాస్త అరిగాయని డాక్టరు చెప్పారు గానీ ఇంటిపనీ బజారు నడకా మానలేదు. నాన్నగారికి బీపీ, మాత్రలతో అదుపులోనే ఉంది. రామదాసును పెట్టిన చెర చూడాలని అమ్మగారికి ఎప్పటినుంచో కోరిక. కోట మీదికి రెండు దారులున్నాయని విన్నారు, వాటిలో ఏది తేలికో చెప్పమన్నారు.

నగీనా బాగ్ పక్కనుంచి, కుతుబ్‌షాహీ కొలువులోని అక్కన్న మాదన్నల కచేరీల మీదుగా మెలికలు తిరుగుతూ ఎక్కే మెట్లదారిన పైకి వెళ్ళండి. దిగేటప్పుడు కూడా అదే దారిన దిగండి. ఈ రెండో మాట మీకు అక్కడ ఎవరూ చెప్పరు, అందుకే ముందే చెబుతున్నాను. గోల్కొండలో పెద్దవాళ్ళ మోకాళ్ళు దెబ్బతినేది దాదాపు ఎప్పుడూ దిగేటప్పుడే.

అక్కడ అందరూ చేసేది ఒక చుట్టు. లోపలి కోట గుమ్మం బాలాహిస్సార్ దర్వాజాలో అడుగుపెట్టి, గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, నగీనా బాగ్ వైపు నుంచి మెట్లెక్కి, పైన బారాదరి, అంటే కొండకొన మీది మంటపం, చూసి, అటువైపు నుంచి రాణీమహళ్ళ మీదికి దిగి, తారామతి మసీదు, సిలాఖానా (ఆయుధాల కొట్టు) చూసుకొని మళ్ళీ మొదటి దర్వాజాకు చేరతారు. గైడ్లు ఇలాగే తిప్పుతారు. వాళ్ళ వైపునుంచి చూస్తే సబబే: ఒక్క చుట్టులో కోటంతా అయిపోతుంది, చూసిందే మళ్ళీ చూసే పని ఉండదు. కాళ్ళలో బలం ఉన్నవాళ్ళకు నేనూ ఇదే చెబుతాను. అయితే బారాదరి నుంచి రాణీమహళ్ళ వైపు దిగే ఆ రెండో దారి పొట్టిది. ఎత్తు అదే, దూరం తక్కువ, అంటే వాలు ఎక్కువ. మెట్లు నిటారుగా దిగిపోతుంటాయి. మధ్యలో కాసేపు చదునుగా నడుద్దామంటే చోటు తక్కువ. పైనుంచి చూస్తే "ఇదిగో, కింద కనబడుతూనే ఉందిగా, పది నిమిషాల్లో దిగిపోవచ్చు" అనిపిస్తుంది. ఆ ఆశతోనే చాలామంది అటు దిగుతారు. సగం దిగేసరికి కాళ్ళు వణకడం మొదలవుతుంది, వెనక్కి ఎక్కే ఓపిక ఉండదు.

మోకాళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మెట్లు ఎక్కేటప్పుడు మనకు ముందు తెలిసేది ఆయాసం. ఆయాసం వచ్చిందంటే మనిషి తనంతట తానే ఆగుతాడు, నిమిషం కూర్చుంటే తగ్గుతుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి ఆగాలనిపించదు. కానీ ప్రతి మెట్టుకూ ఒంటి బరువంతా ఒంటికాలి మీద, వంగిన మోకాలి మీద పడుతుంది. చదునైన నేల మీద నడిచేటప్పటికంటే మెట్లెక్కేటప్పుడు ఆ భారం ఎక్కువ, దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. ఒంటి బరువుకు మూడు రెట్లు దాటుతుందని కీళ్ళలో పరికరాలు అమర్చి కొలిచినవాళ్ళు తేల్చారు. మెట్టు ఎంత ఎత్తుగా ఉంటే మోకాలు అంత వంగాలి, నొప్పి అంత. తొడ కండరం అలిసిపోయాక ఆ బరువును ఆపుకునేది ఏదీ ఉండదు, అడుగు దబ్బున పడుతుంది. అందుకని తేలిక దారి ఏదని ఎవరు అడిగినా నేను దూరం చూడను, మెట్ల లెక్క కూడా ముందు చూడను. మెట్టు ఎత్తు ఎంత, మధ్యలో చదును ఎంత, కూర్చునే చోట్లు ఎన్ని, దిగడం ఎలా ఉంటుంది అనేవే చూస్తాను. వీటన్నిటికీ గోల్కొండలో ఆ పొడుగు దారే మంచిది.

కోట కట్టిన వాళ్ళకు మన సౌకర్యంతో పనిలేదన్నది మొదట గుర్తుపెట్టుకోవాలి. ఎక్కేవాడికి కష్టంగా ఉండాలనే అది కట్టింది. కాకతీయుల నాడు ఇక్కడ ఉన్నది మట్టికోట అంటారు. తర్వాత బహమనీల చేతికి వచ్చి, 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో ఇప్పుడు మనం చూసే రాతికోట అయింది. నల్లరాతి కొండ చుట్టూ ఉన్న నేల మీద నుంచి 120 మీటర్ల ఎత్తుకు, అంటే దగ్గర దగ్గర 400 అడుగులకు లేస్తుంది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడి వేసి కూర్చుంది. ఒక రాత్రి నిచ్చెనలు వేసుకొని గోడెక్కబోతే కుక్క మొరిగి కాపలావాళ్ళను లేపిందని మొఘలుల చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాసిపెట్టాడు. ఆఖరికి లోపలివాడే తలుపు తీస్తే గానీ వాళ్ళకు దారి దొరకలేదు. అంత బందోబస్తుగా కట్టిన చోట 67 ఏళ్ళ ఆవిడ తన కాళ్ళతో తాను ఎక్కి చూడాలనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఎక్కగలరు. నిదానం కావాలి, అంతే.

మొదట కాళ్ళ ఓపికను కింద ఖర్చు చేయకండి. బయటి కోటగోడ గుమ్మాలైన ఫతే దర్వాజా దగ్గరో బంజారా దర్వాజా దగ్గరో దిగి బజార్ల వెంట నడుచుకుంటూ రావడం కుర్రవాళ్ళకు బాగుంటుంది. మీరు మాత్రం ఆటోలోనో కారులోనో బాలాహిస్సార్ దర్వాజా ముందు, టికెట్ల చోటుదాకా వచ్చి పెద్దవాళ్ళను అక్కడే దింపండి. బండి పెట్టుకునే పని తర్వాత చూసుకోవచ్చు. లోపలికి రాగానే గుమ్మటం కింద జనం గుమిగూడి చప్పట్లు కొడుతుంటారు. అక్కడ కొట్టిన చప్పట్లు పైన బారాదరిలో వినబడతాయి, కోట కట్టినప్పుడే కాపలావాళ్ళు కబురు అందించుకోవడానికి చేసిన ఏర్పాటు అది. పెద్దవాళ్ళను అక్కడ నిలబెట్టి ఉంచకండి. నిలబడటం కూడా మోకాళ్ళకు పనే. చప్పట్ల సంగతికి మళ్ళీ వస్తాను.

అక్కడినుంచి నగీనా బాగ్ వైపు నడక దాదాపు చదునే. పచ్చిక, చెట్లనీడ ఉన్న చోటు. అక్కడ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మరుగుదొడ్డి అవసరాలన్నీ కిందే తీర్చుకోమని చెప్పి, అప్పుడు బయల్దేరండి. అక్కన్న మాదన్నల కచేరీల శిథిలాల దగ్గర అసలు ఎక్కుడు మొదలవుతుంది.

ఈ దారిలో పైదాకా 360 మెట్లని అందరూ చెప్పే లెక్క. అపార్టుమెంటులో అంతస్తుకు ఇరవై మెట్లనుకుంటే పద్దెనిమిది అంతస్తులు. విని భయపడకండి, ఇవి ఒకే వరసలో లేవు. కొన్ని మెట్లు, కాస్త ఏటవాలు బండ, ఒక మలుపు, మళ్ళీ కొన్ని మెట్లు, ఇలా ఉంటుంది. ఇబ్బంది పెట్టేది వాటి సంఖ్య కంటే వాటి తీరు. ఇంట్లో మెట్లన్నీ ఒకే ఎత్తు. మన పాదం రెండో మెట్టుకే ఆ కొలత పట్టేస్తుంది, ఇక చూడకుండానే ఎక్కేస్తాం. ఇక్కడ రాతిమెట్లు. ఒకటి ఆరంగుళాలుంటే దాని పైది అడుగుకు దగ్గరగా ఉంటుంది. కొన్ని ముందుకు వాలి ఉంటాయి. వందల ఏళ్ళుగా పాదాలు పడీ పడీ కొన్నిటి మధ్యభాగం అరిగి నున్నగా మెరుస్తూ ఉంటుంది, అంచులు మాత్రం గరుకుగానే ఉంటాయి. కాబట్టి మెట్టు నడుమ నడవకండి, గోడవైపుకు జరిగి నడవండి. గరుకు పట్టు దొరుకుతుంది, చేతికి గోడ ఊతం దొరుకుతుంది. ఎత్తైన మెట్టు పక్కనే చిన్న రాయో సగం మెట్టో ఉంటుంది చాలాచోట్ల, దాని మీద ఒక కాలు వేసి ఆపైన రెండోది వేయమనండి. ఒక్క మెట్టును రెండు చేసుకోవడం అది.

ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు వేయాలి. దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు. చేతికర్ర ఉంటే నొప్పి ఎక్కువున్న మోకాలికి ఎదుటివైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు, దానివల్ల ఒళ్ళంతా అటే వాలి బరువు తగ్గాల్సింది పెరుగుతుంది. అమ్మగారికి చేతికర్ర అలవాటు లేకపోయినా ఈ ఒక్కరోజుకు తీసుకురండి. కింద రబ్బరు తొడుగు ఉన్నదే తేవాలి. వెదురుకర్ర నున్నటి బండ మీద జారుతుంది.

ఈ మెట్లు ఎలా ఎక్కాలో చూసి నేర్చుకోవాలంటే ఆషాఢమాసంలో రావాలి. పైన జగదాంబిక అమ్మవారికి గురువారాలూ ఆదివారాలూ బోనాలు జరుగుతాయి. జంటనగరాల బోనాలు మొదలయ్యేదే ఇక్కడ. తలమీద బోనం కుండ, దానిమీద దీపం, చుట్టూ వేపమండలు, ఆ బరువుతో ఆడవాళ్ళు ఈ మెట్లే ఎక్కుతారు. వాళ్ళలో అరవై దాటినవాళ్ళను గమనించాను. ఒక్కరు కూడా మెట్టుకు ఎదురుగా నేరుగా ఎక్కరు. కొంచెం ఏటవాలుగా, ఈ గోడనుంచి ఆ గోడకు, మళ్ళీ ఆ గోడనుంచి ఈ గోడకు వస్తూ పొట్టి అడుగులు వేస్తారు. రెండు పాదాలూ ఒక మెట్టు మీద కలిశాకే పై మెట్టుకు పోతారు. తల కదలకూడదు కాబట్టి ఒళ్ళు ఊగదు, ఒళ్ళు ఊగదు కాబట్టి మోకాలు మెలిపడదు. మీ అమ్మగారికి ఈ నడకే నేర్పండి. కాకపోతే ఆ రోజుల్లో జనం విపరీతంగా ఉంటారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మొదటిసారి చూడటానికి ఆ రోజులు ఎంచుకోకూడదు, మీరు డిసెంబరులో వస్తున్నారు కాబట్టి ఆ సమస్య లేదు.

సుమారు సగం దూరంలో ఎండిపోయిన పెద్ద బావి ఒకటి వస్తుంది. అక్కడ తప్పకుండా ఆగండి. ఆగినందుకు చూడదగ్గది కూడా ఉంది. ఈ కొండమీదికి నీళ్ళు ఎలా ఎక్కించారో పిల్లలకు అక్కడ చెప్పొచ్చు. దుర్గం చెరువు నుంచి కోటకు నీళ్ళు వచ్చేవి. కింద తొట్టిలోంచి పర్షియన్ చక్రాలతో కొంత ఎత్తులో ఉన్న తొట్టికి తోడి, అక్కడినుంచి ఇంకో చక్రంతో దానిపై తొట్టికి, ఇలా అంచెలంచెలుగా పైదాకా చేర్చి, మట్టిగొట్టాల ద్వారా మహళ్ళకు పంచేవాళ్ళు. ఒకే పట్టున అంత ఎత్తుకు నీళ్ళు తోడే చక్రం లేదు. మీరు కూడా ఆ నీళ్ళలాగే ఎక్కండి: ఒక అంచె, ఒక విరామం. ఇరవై ముప్ఫై మెట్లకు ఒకసారి ఆగడం మంచి లెక్క. ఆయాసం వచ్చాక ఆగడం కంటే రాకముందే ఆగాలి. కాళ్ళలో బలం ఉన్నవాళ్ళు పాతిక నిమిషాల్లో పైకి చేరతారు. మీరు గంట పెట్టుకోండి. వెనక నుంచి జనం దాటిపోతుంటే పెద్దవాళ్ళకు మొహమాటం వేస్తుంది, మనవల్ల వీళ్ళకు ఆలస్యం అవుతోందని తొందరపడతారు. కాబట్టి పిల్లలను ముందు పంపేయకండి, అందరికంటే నిదానంగా నడిచేవాళ్ళను ముందు పెట్టి మిగిలినవాళ్ళు వెనక నడవండి. కుటుంబాలకు నేను చెప్పే మాటల్లో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ఆ పైన అంబర్‌ఖానా, అంటే ధాన్యపు కొట్టు. 1642లో అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో కట్టినట్టు అక్కడ పారశీక శాసనం ఉంది. గోడల మందం చూస్తే ముట్టడిలో ఎనిమిది నెలలు ఎలా నిలిచారో కొంత అర్థమవుతుంది.

రామదాసు బందీఖానా ఈ ఎక్కే దారిలోనే ఉంది. మీ అమ్మగారి కోరిక అదే కాబట్టి ఆ చోటును ఆదరాబాదరాగా చూసి వదిలేయకండి. మొదట అదీ ధాన్యం, సరుకులు దాచే కొట్టేనని అంటారు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి, సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టించాడన్న నేరం మీద తానీషా, అంటే అబుల్ హసన్ కుతుబ్‌షా, ఇక్కడ పన్నెండేళ్ళు చెరలో ఉంచాడని మన వాళ్ళంతా చెప్పుకునే కథ. ఆ తానీషా దగ్గరే మాదన్న మంత్రి. ఎక్కుడు మొదలుపెట్టేటప్పుడు మీరు దాటి వచ్చిన కచేరీలు ఆ అన్నదమ్ములవి. వాళ్ళు గోపన్నకు మేనమామలని చెబుతారు. మేనమామల కచేరీకి పైన మేనల్లుడి చెర, ఆ రెండిటినీ కలిపే మెట్ల మీదే మీరు నడిచి వస్తారు. లోపల ఎత్తైన కప్పు, పైనుంచి పడే కాస్త వెలుగు. గోడమీద రాముడు, హనుమంతుడు మొదలైన రూపాలు చెక్కి ఉన్నాయి, అవి రామదాసు చెక్కినవేనని నమ్మకం. బయటి ఎండలోంచి వెళ్తాం కాబట్టి మొదట ఏమీ కనబడదు. గడప దాటగానే అడుగు వేయనీయకండి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఒక నిమిషం నిలబడమనండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఇక్కడ తూలినవాళ్ళను చాలామందిని చూశాను. ఆ తర్వాత ఆవిడను అక్కడ ఎంతసేపు ఉండాలంటే అంతసేపు ఉండనివ్వండి. చాలామంది పెద్దవాళ్ళు ఆ గోడ ముందు నిలబడి లోపల లోపలే రామదాసు కీర్తన పాడుకుంటారు. దాని కోసమే వచ్చినవాళ్ళకు ఇంతకంటే పైన చూడాల్సింది ఏమీ లేదు.

అందుకే ఒక మాట. బందీఖానా నుంచి బయటికి వచ్చాక అమ్మగారిని అడగండి: మోకాలు ఎలా ఉంది? ఇక్కడ నిజం చెప్పించడం మీ పని. "ఏం లేదురా, పదండి" అంటారు, అమ్మలందరూ అదే అంటారు. మాట కంటే నడక చూడండి. దిగువకు నాలుగు మెట్లు దిగి చూడమనండి. దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ పొడిచినట్టు ఉంటే అక్కడితో ఆపేయండి. వచ్చిన పని అయిపోయింది, బారాదరి చూడకపోతే నష్టం లేదు. నొప్పి లేకపోతేనే పైకి. ఎక్కిన ప్రతి మెట్టూ మళ్ళీ దిగాల్సిందేనన్న లెక్కతో నిర్ణయం తీసుకోండి. ఓపికలో సగం కంటే ఎక్కువ పైకి చేరేసరికే అయిపోయిందంటే ఎక్కువ ఎక్కేసినట్టే.

మిగిలిన భాగం అంత పొడవు లేదు. చిన్న మీనార్లతో ఇబ్రహీం కుతుబ్‌షా మసీదు, బండల సందున అమ్మవారి గుడి, ఆపైన బారాదరి. గుడి దగ్గర చెప్పులు విప్పాలి కదా, మధ్యాహ్నం అయితే బండ కాలుతుంది. మేజోళ్ళు వేసుకొస్తే ఇబ్బంది ఉండదు. బారాదరి పై అంతస్తుకు వెళ్ళే మెట్లు ఇరుకు, ఎత్తు కూడా. మోకాళ్ళవాళ్ళు ఎక్కనక్కర్లేదు. కింది అంతస్తులోనే గాలి చల్లగా వీస్తుంది, ఒకవైపు కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, ఇంకోవైపు కొత్త నగరం భవనాలు, గాలి తేటగా ఉన్న రోజు దూరంగా చార్మినార్ కూడా కనబడతాయి. చప్పట్ల సంగతి ఇక్కడ పనికొస్తుంది: మీలో ఒకరు పిల్లలను తీసుకొని ముందే దిగి గుమ్మటం కిందికి వెళ్ళండి. ఫోన్ చేసి చెప్పి, అక్కడ చప్పట్లు కొట్టండి. పైన కూర్చున్న తాతకూ నాయనమ్మకూ వినబడుతుంది. కింద వందమంది కొడుతుంటే ఎవరి చప్పట్లో తెలియవు, కాబట్టి మూడు కొట్టి ఆగి మళ్ళీ మూడు కొట్టమని పిల్లలకు చెప్పి పెట్టండి.

ఇప్పుడు దిగడం. వచ్చిన దారే. "అటు దగ్గర సార్" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, నమస్కారం పెట్టి ఇటే రండి. ఎదురుగా ఎక్కేవాళ్ళు వస్తుంటారు, మీరు గోడ వదలకండి. మనిషి ఒకరు అమ్మగారికి ఒక మెట్టు కింద, కాస్త పక్కగా నడవాలి, భుజం ఆవిడ చేతికి అందేలా. చాలామంది పక్కన నడుస్తూ రెక్క పట్టుకొని దింపుతారు. అది తప్పు. రెక్క పట్టుకుంటే ఆవిడ తూలినప్పుడు ఇద్దరూ తూలుతారు. ఆవిడే మీ భుజం పట్టుకోవాలి, అప్పుడు ఎంత బరువు వేయాలో ఆవిడ చేతిలో ఉంటుంది. ఎత్తైన మెట్టు వచ్చినచోట పక్కకు తిరిగి, గోడకు ఎదురుగా నిలబడి, ఒక్కో కాలు దించడం అన్నిటికంటే భద్రం. చూసేవాళ్ళకు వింతగా ఉంటుందని సిగ్గుపడొద్దు. దిగడానికి కూడా ఎక్కినంత సమయమే పెట్టుకోండి.

పొద్దున కోట తెరిచే వేళకు వెళ్ళండి. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు ఒకసారి చూసుకోండి. ఎక్కే దారి కొండకు తూర్పువైపున ఉంది, పొద్దుటి ఎండ దానిమీదే పడుతుంది. డిసెంబరులో ఆ ఎండ హాయిగానే ఉంటుంది, రాయి రాత్రి చల్లదనంతో ఉంటుంది, జనం ఇంకా రారు. మధ్యాహ్నం దాటాక ఎండ కొండ వెనక్కి తప్పుకుంటుంది గానీ, దిగేసరికి కోట మూసే వేళ అవుతుంది. కాపలావాళ్ళు ఈలలు వేసి తొందర పెడుతుంటే మోకాళ్ళవాళ్ళు దిగడం మంచిది కాదు. ఆదివారాలు, పండగ సెలవులు వదిలేసి వారం మధ్యలో రోజు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఈ వయసువాళ్ళను అసలు తీసుకురావద్దనే చెబుతాను. వాన పడిన రోజున నున్నబడ్డ మెట్లు సబ్బు రాసినట్టే, ఆ రోజూ వద్దు.

కాళ్ళకు మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ బూట్లు గానీ ఉండాలి. తోలు అట్ట చెప్పులు, హవాయి చెప్పులు పనికిరావు. అమ్మగారు చీరతోనే వస్తానంటే కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకోమనండి, దిగేటప్పుడు అంచు కాలికింద పడి తూలడం మామూలుగా జరిగేదే. మనిషికో నీళ్ళసీసా, నాలుగు అరటిపళ్ళు చాలు. నాన్నగారు పొద్దున మాత్ర వేసుకొని, తేలికగా తిని బయల్దేరాలి. ఖాళీ కడుపుతోనూ వద్దు, కడుపునిండా తినీ వద్దు. వచ్చేముందు ఆయన డాక్టరును ఒకమాట అడగండి. ఎక్కేటప్పుడు మాట్లాడుతూ ఎక్కగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగుతుంటే ఎక్కువైనట్టు. ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం ఏది కనబడినా ఇక ఎక్కడం లేదు, అక్కడే కూర్చోబెట్టి కోట సిబ్బందిని పిలవాలి.

ఒకవేళ ఎక్కలేమని తేలిపోతే కిందే చూడాల్సింది చాలా ఉంది. గుమ్మటం, నగీనా బాగ్, సిలాఖానా, రాణీమహళ్ళు, తారామతి మసీదు, వీటిని నిదానంగా తిరిగితే ఒక పూట పడుతుంది. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కూడా రాణీమహల్ దగ్గరే, కుర్చీలో కూర్చొని కోట కథంతా వినొచ్చు. నిజానికి గోల్కొండ వైభవం ఎక్కువగా ఉన్నది ఆ కింది మహళ్ళలోనే. పైన ఉన్నది గాలి, దూరాలదాకా కనబడే దృశ్యం.

భువనగిరి కోట కూడా చూపించాలనుకుంటున్నట్టు చివర్లో రాశారు. పెద్దవాళ్ళతో వద్దు. త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన ఆ కోట గుడ్డులాంటి ఒకే ఒక్క బండ మీద ఉంది. మొదట మెట్లుంటాయి, తర్వాత చాలాచోట్ల నున్నటి బండవాలు మీదే నడవాలి. నీడ లేదు, ఆనుకోవడానికి గోడ లేదు. కుర్రవాళ్ళు బండలెక్కడం నేర్చుకునే చోటు అది. దానికి బదులు వరంగల్ కోటకు వెళ్ళండి. పేరుకు కోటే గానీ చదును నేల, కాకతీయుల నాలుగు తోరణాల మధ్య తిన్నగా నడవడమే. ఆంధ్ర వైపు వెళ్తే గండికోట అన్నిటికంటే సుఖం: బండి కోట లోపలిదాకా పోతుంది, మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామా మసీదు, ధాన్యపు కొట్టు అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. పెన్నా లోయ అంచున మాత్రం చాలాచోట్ల కంచె ఉండదు, బండరాళ్ళ మీదికి పెద్దవాళ్ళనూ పిల్లలనూ పోనీయొద్దు. కొండపల్లికి అడవిలోంచి కోటదాకా రోడ్డు ఉంది, కొండవీటికీ ఘాట్ రోడ్డు వేశారు. కొండమీద కోట చూశామన్న తృప్తి కావాలి, మెట్లు వద్దు అనుకునేవాళ్ళకు ఆ రెండూ సరిపోతాయి.

ప్రయాణానికి ఇంకా వారాలున్నాయి కాబట్టి అమ్మగారితో ఇప్పటినుంచే రోజూ కాస్త మెట్ల సాధన చేయించండి. మొదట ఒక అంతస్తు ఎక్కి దిగడం, తర్వాత రెండు, తర్వాత మూడు. ఎక్కడానికి లిఫ్టు వాడినా ఫరవాలేదు, దిగడం మాత్రం మెట్ల మీదే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కూడా చేయించండి, తొడలకు బలం వస్తుంది. వచ్చే ముందువారం మూడంతస్తులు ఎక్కి దిగాక మర్నాడు పొద్దున మోకాళ్ళు వాచకుండా ఉంటే రామదాసు బందీఖానా దాకా ధైర్యంగా తీసుకెళ్ళండి. వాచితే ఆ పూట రాణీమహళ్ళకు కేటాయించి, మీరొక్కరు బందీఖానాకు ఎక్కి వీడియో కాల్‌లో ఆ గోడ చూపించండి.